ఊట పైనున్న వాలు

ఈ ఉదయం ప్రయోగశాలలో అలమర తలుపు తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన ముఖాన కొట్టింది. మొన్నటి వానలో ఒక కొండ ఊరి కుళాయి నుంచి తెచ్చిన నీళ్ళు అవి. మందు వేసిన చిన్న సీసాలో నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఉంచితే, ఆ నీళ్ళలో మురుగు కలిసిందో లేదో సీసాయే చెబుతుంది. కలిసి ఉంటే నల్లబడుతుంది, మూత వదులైతే ఇలా కంపు కొడుతుంది. నా ఉద్యోగమంతా పీల్చిన వాసనే ఇది. ఇది వచ్చినప్పుడల్లా నాకు హైమవతి గారు గుర్తొస్తారంటే, వినేవాళ్ళకి ఆమెను అగౌరవపరుస్తున్నట్టు ఉంటుంది. కానీ నిజం అదే. సంపెంగల వాసనకో, అగరుబత్తి వాసనకో గుర్తుకు రావలసిన పెద్దావిడ నాకు నల్లబడిన సీసా వాసనకి గుర్తొస్తారు. కిటికీ తెరిచి, సీసాలు వేడినీళ్ళలో పెట్టి, కాసేపు కుర్చీలో కూలబడ్డాను. ఆమెను చూడనివాళ్ళకి ఆమె గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇవాళ ఓపిక లేదు. అయినా ఇవాళే రాస్తున్నాను.

నేను చేరినప్పుడు కొరాపుట్‌లో తాగునీటి పరీక్షల ప్రయోగశాలకి ఆమె పెద్ద. వాళ్ళ తాతముత్తాతలు కోస్తా నుంచి వచ్చి జయపురం ఎస్టేటు కచేరీలో పనిచేసినవాళ్ళు. ఎస్టేటు పోయింది, కచేరీ పోయింది, ఆ కుటుంబంలోని పిల్లలు చదువుకుని ప్రభుత్వోద్యోగాల్లోకి వచ్చారు. ఆమె రసాయనశాస్త్రం చదివారు. భర్త సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు కనుక అక్కడి క్వార్టర్స్‌లోనే కాపురం. రోజూ పొద్దున్నే బస్సెక్కి కొరాపుట్ వచ్చేవారు. చలికాలంలో కొట్పాడ్ నేత శాలువా ఒకటి, ముదురు ఎరుపుది, భుజాల చుట్టూ బిగించుకుని లోపలికి వచ్చి, సంచి బల్లమీద పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఎప్పుడు చూసినా అలసిపోయినట్టే ఉండేవారు. మొదట్లో నేను అది ప్రయాణం వల్ల అనుకున్నాను.

నేనేమో గునుపురం దగ్గరి రైతుల పిల్లని. మా పెద్దలు శ్రీకాకుళం వైపు ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నవాళ్ళు. కాలేజీలో నేర్చుకున్న పద్ధతిలో, చేతికి తొడుగులు వేసుకుని, చుక్క తేడా రాకుండా పరీక్షలు చేసి మొదటి వారంలోనే మెప్పు పొందాలనుకున్నాను. నేను రాసిన ఫలితం చూసి ఆమె అడిగింది ఒక్కటే, ఈ నీళ్ళు ఎక్కడివి అని. సీసా మీద చీటీ చదివి చెప్పాను. "అది చీటీ చెప్పింది. నువ్వు చూశావా?" అన్నారు. లేదన్నాను. మర్నాడు నన్ను జీపెక్కించుకుని కొట్పాడ్ సంత బయట ఉన్న చేతిపంపు దగ్గరికి తీసుకెళ్ళారు. నేను సీసా మూత తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. పంపు చుట్టూ ఉన్న సిమెంటు అరుగు పగిలి ఉంది. ఒలికిన నీళ్ళు గుంటకట్టి, గుంటలో గేదెలు నిలబడి, ఆ నీళ్ళే పగుళ్ళలోంచి మళ్ళీ కిందికి దిగుతున్నాయి. సంత రోజున జనం ఎటు వెళతారో, పశువుల్ని ఎక్కడ కడతారో, ఎగువన ఏముందో నన్ను తిప్పి తిప్పి చూపించారు. "సీసా రేపు చెబుతుంది అమ్మీ. రేపటిదాకా ఈ జనం తాగుతూనే ఉంటారు. ముందు నువ్వు పైకెక్కి చూడు" అన్నారు. అది ఆమె నాకు చెప్పిన మొదటి పాఠం. మెచ్చుకోలు కోసం ఎదురుచూడ్డం ఆ రోజుతో మానేశాను. ఆమె ఎవరినీ మెచ్చుకునేవారు కాదు, ఎవరినీ కసిరేవారు కూడా కాదు.

ఇలాంటి మనిషి గురించి రాసేటప్పుడు పట్టుదల, తపన, దీక్ష అన్న మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఆమెలో అవేవీ నాకు కనబడలేదు. మోకాళ్ళు నొప్పి. కొండ ఎక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగి, "నాకు ఓపిక లేదే తల్లీ" అనేవారు. మళ్ళీ నడిచేవారు. ఒక ఊరిలో బావికి ఒర కట్టించి, చుట్టూ కంచె వేయించి వస్తాం. ఏడాది తిరిగేసరికి కంచె కర్రలు పొయ్యిలోకి పోయి ఉంటాయి, బావి పక్కన బట్టలు ఉతుకుతూ ఉంటారు. నాకు ఏడుపొచ్చేది. ఆమెకి కోపం కూడా వచ్చేది కాదు. ఉతుకుతున్న ఆడవాళ్ళ పక్కన చతికిలబడి, ఆ కొండల్లో అందరూ మాట్లాడే దేశియా భాషలో వాళ్ళ పిల్లల గురించీ మేకల గురించీ మాట్లాడి, మాటల మధ్యలో బావి సంగతి తెచ్చి, వాళ్ళు సరేనన్నాక లేచేవారు. వాళ్ళు వింటారని మీకు నమ్మకం ఉందా అని ఒకసారి అడిగాను. "ఏటి నమ్మకం. కొందరు వింటారు, కొందరు వినరు. వంట మాత్రం రోజూ చేస్తాం కదా, నిన్న తిన్నారని ఇవాళ మానేస్తామేటి" అన్నారు.

పొట్టంగి పైన కొండమీద ఒక ఊరుంది. దాని పేరు రాయను. ఆ ఊరివాళ్ళకి ఆ రోజులు ఎవరూ గుర్తుచేయడం ఇష్టం లేదు. ఊరికి ఎగువన రాళ్ళ మధ్య ఒక ఊట. దానికి తొట్టి కట్టి, గొట్టం వేసి, కిందికి కుళాయిలు పెట్టారు. ఊటకి ఇంకా పైన, చదునైన చోట, ఆడపిల్లల హాస్టల్ కట్టారు. నేను ఉద్యోగంలో చేరకముందు జరిగిన పని అది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు హైస్కూలు చదువుకోవడం ఆ హాస్టల్ వచ్చాకే మొదలైంది. చాలా ఏళ్ళు ఏ ఇబ్బందీ లేదు. పిల్లల సంఖ్య పెరిగింది, మరుగుదొడ్ల గొయ్యి నిండుతూ వచ్చింది. ఒక ఏడు వానలు గట్టిగా పట్టాయి. ఊరిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒక ముసలాయన పోయాడు. ముక్తా అనే ఒక తల్లికి చిన్న కూతురు పోయింది.

ఆ దినాల్లో ఆ కొండల్లో తిండి గింజలు అడుగంటుతాయి. మామిడి టెంకల లోపలి జీడి ఎండబెట్టి, దంచి, జావ కాచుకుని తాగుతారు. జబ్బు కబురు విని కొండెక్కి వచ్చిన ప్రతి అధికారీ ఏం తిన్నారని అడిగాడు. టెంకల జావ అని జనం చెప్పారు. బూజు పట్టిన టెంకలు తిని పోయారన్న మాట మేము వెళ్ళేసరికే కొరాపుట్ దాకా పాకిపోయింది. హైమవతి గారు ముక్తా వాళ్ళ వసారాలో కూర్చుని వేరే సంగతి అడిగారు. వాగుకి అవతల ఉన్న నాలుగిళ్ళవాళ్ళు కూడా అదే జావ తాగారా? తాగారు. వాళ్ళలో ఎవరికైనా జబ్బు చేసిందా? లేదు. వాళ్ళు ఏ నీళ్ళు తాగుతారు? అవతలి వాలులో ఉన్న చిన్న చెలమ నీళ్ళు. ఆమె ఇంకేమీ అడగలేదు. లేచి, గొడుగు తెరిచి, ఊట పైనున్న వాలు ఎక్కడం మొదలుపెట్టారు. నేను వెనక నడిచాను. సగం దూరంలో ఆగారు. ఒక సన్నని గండి, వేసవిలో ఎండిపోయి రాళ్ళు తప్ప ఏమీ కనబడని చోటు, ఇప్పుడు నీళ్ళతో పారుతోంది. హాస్టల్ వెనక గోడ దగ్గర మొదలై నేరుగా మా కాళ్ళ ముందునుంచి ఊటవైపు దిగుతోంది. ఆమె ముఖంలో రంగు పోయింది. మోకాళ్ళ నొప్పేమో అనుకుని చెయ్యి అందించాను. ఆమె చెయ్యి అందుకోలేదు. నాకేసి చూడనూ లేదు.

సీసాలు నల్లబడ్డాయి. అది చాలదన్నారు. నల్ల సీసా ఒక్కటే చూపిస్తే, పశువులదో మేకలదో అంటారు, గొయ్యిదే అని రుజువేమిటంటారు. మర్నాడు ఆకుపచ్చగా మెరిసే రంగుపొడి పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. దానివల్ల హాని లేదు, చిటికెడు కలిసినా నీళ్ళలో కనబడుతుంది. పొద్దున్నే హాస్టల్ గొయ్యిలో పొడి వేసి, బకెట్లతో నీళ్ళు పోశాం. పిల్లలు వరండాలో వరసగా నిలబడి చూశారు. వాళ్ళలో కొందరికి కింద ఊరిలోనే ఇళ్ళు. తర్వాత మేము కిందికి దిగి, తొట్టి పక్కన గొడుగు కింద కూర్చున్నాం. సన్నటి వాన పడుతూనే ఉంది. ఊరి ఆడవాళ్ళు ఒకరొకరుగా వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నారు. వాళ్ళలో ముక్తా ఉంది. ఆ గంటల్లో నేను మనసులో కోరుకున్నది రంగు రావాలని. మనం అనుకున్నది సరి అని తేలాలనే చిన్న ఆశ అది. హైమవతి గారు మాత్రం రంగు రాకూడదని కోరుకుంటున్నారని నాకు అప్పుడు తెలియదు.

మధ్యాహ్నం దాటాక తొట్టిలో నీళ్ళు పచ్చబడ్డాయి. మొదట అనుమానంలా, తర్వాత లేత చిగురులా, ఆ తర్వాత ఎవరూ కాదనలేనంత స్పష్టంగా. ముక్తా లేచి వచ్చి తొట్టిలోకి వంగి చూసింది. ఆ రంగు ఎక్కడిదని దేశియాలో అడిగింది. నేను నోరు తెరిచేలోగా హైమవతి గారే చెప్పారు. ఆమె చెప్పిన మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"పైన హాస్టల్ గొయ్యిలోది. ఆ గొయ్యి అక్కడ తవ్వొచ్చని సంతకం పెట్టింది నేనే. ఎండల్లో వచ్చి చూసేను. అప్పుడు ఆ గండి ఎండిపోయి ఉంది. వానల్లో వచ్చి చూడలేదు."

ఆ సంగతి నాకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. పిల్ల పోయి వారం కూడా కాని తల్లి ముందు, తప్పించుకునే దారి లేని కొండమీద, ఎవరూ అడగకుండా ఆమె ఆ మాట చెప్పారు. ముక్తా అరుస్తుందనుకున్నాను. మీద పడుతుందేమో అనుకున్నాను. ఆమె హైమవతి గారి ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది, "మరి ఇప్పుడు మేము ఏ నీళ్ళు తాగాలి?"

తిరుగు ప్రయాణంలో సునాబెడ మలుపు దగ్గర మేడమ్ జీపు ఆపించారు. దిగబోతూ అన్నారు, "తిట్టినా బాగుండేది అమ్మీ. ఏటి తాగాలి అని అడిగింది. దానికి ఏటి సెప్పను?" ఆఫీసులో అచ్చుపుస్తకంలా మాట్లాడి, కొండల్లో అప్పుడప్పుడు మాత్రమే యాస దొర్లే మనిషి నోటి వెంట ఇంటి మాట అంత పచ్చిగా రావడం అప్పుడే విన్నాను.

తర్వాతి వారం కొరాపుట్‌లో పెద్ద సమావేశం జరిగింది. ఫలితాలు మోసుకుని నేనూ వెళ్ళాను. అధ్యక్షత వహించిన అధికారి చెడ్డవాడు కాదు. ఆయన బాధ వేరు. గొయ్యి మాట బయటికి వస్తే హాస్టల్ మూసేస్తారు, మూస్తే ఆడపిల్లలు ఇళ్ళకి పోతారు, మళ్ళీ తిరిగిరారు, వచ్చే మాఘానికి సగంమందికి పెళ్ళిళ్ళయిపోతాయి అన్నాడు. అది అబద్ధం కాదు. టెంకల జావ అని రాసి, ఊటలో బ్లీచింగ్ వేయిస్తే అందరికీ మంచిదన్నాడు. అప్పటి అనుమతి ఎవరిచ్చారో ఇప్పుడెవరికీ గుర్తులేదు కూడా, అని మెత్తగా ముగించాడు. ఆయనకి తెలుసనీ, ఆమెకు దారి చూపిస్తున్నాడనీ నాకు అప్పుడు అర్థమైంది.

"నాకు గుర్తుంది కదండీ" అన్నారు హైమవతి గారు.

గొంతు పెంచలేదు. హాస్టల్ ముయ్యక్కర్లేదు, గొయ్యిని నీటి ఊటలేవీ లేని వాలుకి మార్చాలి, మార్చేదాకా ఊరికి వేరే నీళ్ళు ఇవ్వాలి, జావ అని రాస్తే మళ్ళీ వానలకి ఇదే నీళ్ళు తాగుతారు అని చెప్పి, స్థలం ఎంపికలో పొరపాటు తనదేనని నివేదికలో పెట్టమన్నారు. ఆమెను సాహసి అని ఎవరూ అనుకోలేదు. ఈవిడకి ఇంత చాదస్తం ఏమిటని అనుకున్నారు. బయటికి వచ్చాక ఒకరిద్దరు నాతోనే అన్నారు.

గొయ్యి మారింది. కానీ వెంటనే కాదు. కాగితాలు తిరిగి, గుత్తేదారు దొరికి, పని అయ్యేసరికి ఇంకో వానకాలం వచ్చిపడింది. ఆ వానలన్నీ మేము కొండెక్కుతూనే ఉన్నాం. అవతలి చెలమకి రాళ్ళు పేర్చి, మూత వేసి, అక్కడి నీళ్ళు తెచ్చుకోమన్నాం. అది దూరం. ఇంటికి దగ్గర్లో కుళాయి కారుతుంటే, తలమీద కుండతో వాగు దాటి వెళ్ళడమంటే ఎవరికి మాత్రం ఇష్టం? కాచి తాగమంటే కట్టెలు ఎవరు తెస్తారని అడిగారు. మందు చుక్కలు వేస్తే వాసనని పారబోశారు. మేడమ్ ప్రతి గడపా తొక్కారు, ప్రతి ఇంట్లోనూ ఒక గ్లాసు మందు వేసిన నీళ్ళు వాళ్ళ ఎదుటే తాగారు. ముక్తా ఇంటికి కూడా వెళ్ళేవారు. ముక్తా చాప వేసేది కాదు, మాట్లాడేది కాదు. పొమ్మని కూడా అనేది కాదు. మేడమ్ గుమ్మం బయట నిలబడి చెప్పవలసింది చెప్పి, వచ్చేసేవారు. మీరెందుకు ఆ ఇంటికి వెళ్ళడం, నేను వెళతాను కదా అంటే ఒప్పుకోలేదు. ఆ వానల్లో ఆ ఊరిలో ఎవరూ పోలేదు. దాన్ని గెలుపని ఎవరూ అనలేదు. చావు రాకపోవడం ఎవరికీ కనబడదు కదా.

ఆమె మీద విచారణ జరిగింది. రావలసిన పై పదవి రాలేదు. రాయగడకి, చిన్న ప్రయోగశాలకి మార్చారు. వారమంతా అక్కడే అద్దెగదిలో ఉండి, సెలవురోజుకి సొరంగాల దారిన రైలెక్కి కొరాపుట్, అక్కణ్ణించి బస్సులో సునాబెడ వెళ్ళేవారు. తర్వాత నన్నూ రాయగడకే వేశారు. అది నేను కోరుకున్నదే. అక్కడ ఆమె కింద పనిచేసిన చివరి ఏళ్ళలో ఆ ఊరి మాట మా మధ్య ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఒకసారి మాత్రం, సీసాలు కడుగుతూ, నేనే అడిగాను. ఆ రోజు చెప్పకుండా ఉంటే ఏమయ్యేది మేడమ్, గొయ్యి మార్పించడం మీరు ఎలాగూ చేసేవారు కదా అని. ఆమె చేతిలోని సీసా వెలుతురుకి ఎత్తి చూస్తూ అన్నారు, "చేసేదాన్నే. కానీ ఆ తర్వాత ఎవరి తప్పునైనా నీళ్ళలో చూసినప్పుడు గట్టిగా చెప్పడానికి నాకు నోరు ఎక్కడుండేది?" ఆ సీసా శుభ్రంగానే ఉంది. మళ్ళీ కడిగారు.

పదవీ విరమణ తర్వాత సునాబెడ బయట చిన్న ఇల్లు కట్టుకున్నారు. వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి, తర్వాత గుండె. అప్పటికి నేను ఆమెను అమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. ఎప్పుడు మొదలైందో తెలియదు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు ముక్తా వాళ్ళ ఊటకి మేము వేయించిన కంచె ఉందా అని అడిగారు. ఉందని చెబితే సంతోషిస్తారని తెలుసు. కానీ ఆమెతో అబద్ధం చెప్పలేను. మళ్ళీ పీకేశారమ్మా, మేకలు తొట్టి దాకా వస్తున్నాయి అన్నాను. ఆమె నవ్వారు. విసుగు లేదు ఆ నవ్వులో, ఆశ కూడా లేదు. "అయితే మళ్ళీ కట్టు" అన్నారు. "నీకూ ఓపిక ఉండదు. నాకు తెలుసు" అని నా చెయ్యి మీద చెయ్యి వేశారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఆ కబురు ముక్తాకి నేనే చెప్పాను. కంచె వేయించడానికి వెళ్ళినప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. జుట్టు నెరిసింది. విని, చేట ఆపింది. వాలు వైపు చూసింది. మంచిదనీ అనలేదు, అయ్యో అనీ అనలేదు. ఎలా పోయిందని అడిగితే గుండె జబ్బని చెప్పాను. "ఆవిడ వానలో వచ్చేది" అంది చివరికి. అంతే. చేట మళ్ళీ కదిలింది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అది అడిగే హక్కు నాది కాదు. నేను లేస్తుంటే మాత్రం, కంచెకి కర్రలు తడివి కాకుండా చూసుకో, తడివైతే పురుగు పడుతుంది అని చెప్పింది.

ఇప్పుడు హైమవతి గారి కుర్చీలో నేనున్నాను. ఆమె దగ్గర నేర్చుకున్నవి చాలానే ఉన్నాయి గాని, అన్నీ రోజూ పనికిరావు. నిత్యం నాతో ఉండేది ఆ అలసటే. దాన్ని ఒకప్పుడు లోపం అనుకునేదాన్ని. ఆమె దాన్ని వదిలించుకోవాలని చూడలేదు, దాన్ని చూపించి పని మానలేదు. కుంటికాలితో నడవడం నేర్చుకున్నవాళ్ళలా దానితోనే నడిచారు. నాకూ ఇప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

ఈ వేసవిలో రాయగడ అవతల ఒక గుట్ట దగ్గర కొత్త ఊటకి తొట్టి కడతామని యువ ఇంజనీరు ఒకతను తీసుకెళ్ళాడు. మర్యాదస్తుడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, సీసాలు తెల్లగానే ఉన్నాయి, ఎగువన ఒక పశువుల దొడ్డి తప్ప ఏమీ లేదు, అది కూడా దూరం. సంతకం పెడితే వానలకి ముందే పని మొదలుపెడతానన్నాడు. జనం ఎండలో చాలా దూరం నుంచి నీళ్ళు మోస్తున్నారు, అది కూడా నిజమే. వానలు పడ్డాక మళ్ళీ వచ్చి చూస్తానని చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. ఊరివాళ్ళు నన్ను తిట్టుకున్నారని తర్వాత తెలిసింది. తిట్టుకోవడంలో తప్పులేదు.

మొన్న మొదటి గట్టి వానకి ఒక్కదాన్నే వెళ్ళాను. గుట్ట సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. తడిసిన బండ మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. దొడ్డి వైపు నుంచి ఎర్రటి నీళ్ళు సన్నగా దిగుతున్నాయి. ఊట వైపు మళ్ళుతాయో, అవతలి పొలాల్లోకి పోతాయో అక్కణ్ణించి తెలియడం లేదు. లేవాలంటే ప్రాణం ఒప్పలేదు. కాసేపు కూర్చుని, లేచి, ఆ నీళ్ళ వెంట నడిచాను.